ఇల్లు వదలండి, వీధి వదలొద్దు

పాత మట్టి మిద్దె తీసేసి స్లాబు వేయించుకుందామని కర్నూలు, కడప వైపు జీతం మీద బతికే కుటుంబం అనుకోగానే ముందుగా వచ్చే ఆలోచన ఇది: "పడసాల వైపు ముందు కట్టుకుందాం, అంతవరకు వెనక గదుల్లో సర్దుకుందాం, అద్దె మిగులుతుంది." బేల్దారి మేస్త్రీ కూడా చాలాసార్లు సరేనంటాడు. ఆ లెక్క దయచేసి వదిలేయండి.

మిద్దె బరువు ఎలా నిలబడి ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, పైన చెక్కలో నాపబండలో, ఆపైన చౌడు మట్టి. వానలకు ముందు కారకుండా ఉండాలని ఏటా ఇంకొంత మట్టి పరుస్తూ వచ్చారు. తాతల నాటి ఇంటి మీద అన్నేళ్ళ మట్టీ పేరుకుని ఉంటుంది. కింద గోడ చూస్తే మట్టితో కట్టిన రాతి గోడ. ఒకవైపు కప్పు తీస్తే నడిమి గోడకు ఆ వైపు ఆనిక పోతుంది, తలమీద వాన పడి నాని వదులవుతుంది. అలాంటి గోడ పక్కనే పిల్లల్ని పడుకోబెట్టడానికి వీల్లేదు. 2024 జూన్‌లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. గోడలు కదిలించే పని జరుగుతున్న ఇంట్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కప్పు విప్పేటప్పుడు దంతెల సందుల్లోంచి తేళ్ళు, పాములు బయటపడతాయి. వెనక వసారాకు సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పగలగొడితే లేచే దుమ్ము క్యాన్సర్ కారకం. వాటిని తడిపి, విరగకుండా ఒక్కొక్కటే దించమని మేస్త్రీకి ముందే చెప్పండి. ఇంటి రంగుల్లో సీసంపై గట్టి పరిమితి మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటు తలుపులను గీకితే లేచే పొడి చిన్నపిల్లలకు, గర్భిణులకు మంచిది కాదు.

కాబట్టి ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అయితే వెళ్ళాల్సింది ఊరవతల అద్దె తక్కువని దొరికిన ఇంటికి కాదు. నడిచి వెళ్ళేంత దూరంలో, వీలైతే అదే వీధిలో ఇల్లు చూడండి. వెయ్యో రెండు వేలో ఎక్కువైనా ఫరవాలేదు. ఎందుకంటే స్లాబు గట్టిదనం వేసిన రోజుతో తేలిపోదు, తర్వాత పట్టే నీళ్ళతో తేలుతుంది. కాంక్రీటు పనికి మన దేశంలో ప్రామాణికమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా దొరికే పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు 14 రోజులు మంచిదని అదే చెబుతుంది. మన ఎండల్లో 14 రోజులే లెక్కేసుకోండి. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపాలి, పిల్లర్లకు గోనెపట్టలు చుట్టి తడపాలి. పొద్దున డ్యూటీకి పోయే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకసారి, సాయంత్రం మళ్ళీ మీరు. ఇల్లు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇది నాలుగో రోజుకే ఆగిపోతుంది. కూలి ఇచ్చి ఎవరికైనా అప్పగించినా మధ్యలో వెళ్ళి చూడాల్సింది మీరే.

ఇల్లు చూసేటప్పుడు నీళ్ళ దారి కూడా అడగండి. కర్నూలు పాతబస్తీలో అయితే 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ముంచెత్తినప్పుడు ఆ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కింటి పెద్దవాళ్ళు చెప్తారు. కడపలో బుగ్గవంక దగ్గరైతే వరద ఎంతవరకు వచ్చిందో అడగండి. మీ సామానంతా కొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉండబోతోంది. పత్రాలు, బంగారం అద్దె ఇంటికి తీసుకుపోకుండా బ్యాంకు లాకర్లో పెట్టడం మేలు.

నాలుగైదు నెలలకే ఇల్లు అంటే ఓనర్లు వెనకాడతారు. దాచకుండా చెప్పండి. ఒక నెల అడ్వాన్సు అదనంగా ఇస్తామనండి. పదకొండు నెలల అగ్రిమెంటే రాసుకున్నా, ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చన్న మాట అందులో ఉండాలి. మేస్త్రీ మూడు నెలలంటే అయిదు నెలలకు డబ్బు సిద్ధం చేసుకోండి. మూఢం, ఆషాఢం చూసుకునే ఇళ్ళలో తిరిగి చేరే ముహూర్తం కోసమే ఒక నెల అద్దె అదనంగా పడుతుంది, అదీ ముందే లెక్కలో వేసుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? చాలామంది పిల్లల సెలవుల కోసం మే వరకు ఆగుతారు. అప్పటికి బోర్లు ఎండి, నీళ్ళ ట్యాంకరుకు ధర పెరిగి ఉంటుంది. సంక్రాంతి దాటగానే కప్పు విప్పించి, మార్చిలోపు స్లాబు వేయించుకునేట్టు చూడండి. ఎండాకాలంలో లోపలి పూతలు, బండలు, కరెంటు పని జరుగుతాయి. జూన్‌లో బడి తెరిచేలోగా ఇంట్లో ఉంటారు.

సెలవుల విషయంలో ఒక మాట. సామాను మార్చే రోజుకు సెలవు వృథా చేయకండి, ఆదివారం చాలు. కప్పు విప్పే రోజు, ఇనుము కట్టాక చూసే రోజు, స్లాబు పోసే రోజు మీరు అక్కడ ఉండాలి. పోసేటప్పుడు పని సులువవుతుందని కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ కలుపుతారు, దాన్ని ఆపేది ఇంటి యజమాని ఒక్కడే. సెంట్రింగ్ పోట్లు ఎప్పుడు తీస్తారో కూడా రాసుకోండి. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పున్న స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు ఉండాలి. బీములకు ఆరు మీటర్ల వరకు 14, ఆపైన 21 రోజులు. ఇవి మామూలు సిమెంటుకు కనీస గడువులు. సెంట్రింగ్ సామాను వేరే చోట కావాలని మేస్త్రీ తొందరపెడితే ఒప్పుకోకండి.

పాత దూలాలు, టేకు తలుపులు ఎవరివన్నది పని మొదలవకముందే కాగితం మీద రాయించండి. వాటికి మంచి ధర ఉంది, గొడవలు కూడా ఎక్కువగా అక్కడే వస్తాయి. మిద్దె తీసి స్లాబు వేయడం కొత్త కట్టుబడే, అందుకు స్థానిక సంస్థ అనుమతి ఉండాలి. కరెంటు సర్వీసు రద్దు చేసుకోకండి. మీటరును భద్రమైన చోటికి మార్చమని ఎస్పీడీసీఎల్ కార్యాలయంలో అర్జీ పెట్టండి. రేషన్ ఏ చౌకదుకాణంలోనైనా తీసుకోవచ్చు. నాలుగు నెలల కోసం ఆధార్ చిరునామా మార్చుకోనవసరం లేదు.

జీతంలో హెచ్ఆర్‌ఏ ఉండి ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్ళకు చిన్న ఊరట ఉంది. సొంతింట్లో ఉన్నన్నాళ్ళు ఆ హెచ్ఆర్‌ఏకు మినహాయింపు లేదు, నిజంగా అద్దె కట్టిన నెలలకు ఉంటుంది. అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదులు దాచండి, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ తీసుకోండి. అప్పు తీసుకునే ముందు మరొకటి తెలుసుకోండి: అదే పాత పద్ధతిలో, సొంతంగా ఉండే ఇంటి మరమ్మతు అప్పుపై వడ్డీ మినహాయింపు ఏడాదికి 30 వేలు దాటదు. ఇంటి నిర్మాణానికైతే 2 లక్షల వరకు ఉంటుంది. బ్యాంకు కాగితంలో అప్పు ఎందుకోసమని రాస్తున్నారో సంతకానికి ముందు చదవండి.

తిరిగి చేరడానికి రంగులు అయిపోవాల్సిన పని లేదు. మరుగుదొడ్డి, నీళ్ళు, వంటిల్లు, ఎర్తింగుతో సహా కరెంటు, మూసుకునే తలుపులు ఉంటే చాలు. పాలు పొంగించే ముందు స్లాబు మీద రెండు రోజులు నీళ్ళు నిలిపి కింద చెమ్మ వస్తుందేమో చూడండి. మేస్త్రీ లెక్కలో కొంత మొత్తం మొదటి పెద్దవాన పడేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఆ మాట కూడా పని మొదలయ్యే రోజే ఆయనతో ఒప్పుకుని రాసుకోవాలి.