సంచిలో దాచిన పాత ఇసుక ఉప్పునీటి తొట్టికి పనికొస్తుందా?

జగదల్‌పూర్‌కు సముద్రం దగ్గర కాదు. రోడ్డు మీద వెళ్తే విశాఖపట్నం దాదాపు 300 కిలోమీటర్లు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కిరండూల్ రైలు మార్గమే మనకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం. అందుకే ఇక్కడ ఎవరైనా ఉప్పునీటి చేపల తొట్టి పెట్టి, కొన్నాళ్లకు ఎత్తేస్తే, అందులోని తెల్లటి పగడపు ఇసుకను పారెయ్యడానికి చేతులు రావు. సంచిలో కట్టి మూలన పెడతారు. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ తొట్టి పెట్టాలనుకున్నప్పుడు ఆ సంచి గుర్తొస్తుంది. ఇసుకే కదా, చెడిపోయేదేముంది అనుకుని తొట్టిలో పోసేస్తారు.

నిజమే, ఇసుక చెడిపోదు. ఇసుకను అంటుకుని ఉన్నవి చెడిపోతాయి.

నడుస్తున్న తొట్టిలో ప్రతి ఇసుక రేణువు చుట్టూ బాక్టీరియా పొర ఉంటుంది. రేణువుల మధ్య సన్నటి పురుగులు, చేపలు వదిలేసిన మేత, వాటి మలం ఉంటాయి. చేపలు మొప్పల ద్వారా అమోనియాను బయటికి వదులుతాయి. అది వాటికే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. నేలలో ఈ పని చేసేది బాక్టీరియాయేనని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ తేల్చాడు. ఈ బాక్టీరియాకు తడి కావాలి, ఆక్సిజన్ కావాలి, తినడానికి అమోనియా కావాలి. మూతి కట్టిన సంచిలో ఇవేవీ ఎక్కువ రోజులు దొరకవు. కాబట్టి రెండేళ్ల తర్వాత సంచి విప్పితే మనకు మేలు చేసే బాక్టీరియా అందులో ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. మిగిలేది వాటి శవాలు, పురుగుల శవాలు, పాత మేత.

తడి ఆరకుండానే కట్టేసిన ఇసుక మరీ ప్రమాదం. సముద్రపు ఉప్పులో దాదాపు 85 శాతం మనం తినే ఉప్పే. మిగతా దానిలో సల్ఫేట్ ముఖ్యమైనది. గాలి ఆడని చోట కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు ఈ సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ఇసుకలో అక్కడక్కడా నల్లటి మచ్చలు కనిపిస్తే అవి ఐరన్ సల్ఫైడ్. అలాంటి సంచిని గదిలో విప్పకండి. ఆరుబయట, ముఖం దూరంగా పెట్టి విప్పండి. వాసన గాఢంగా ఉంటే ఆ ఇసుక మీద ఆశ వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎండబెట్టి దాచినది కొంత నయం. కానీ అందులోని మలినం పోయిందని కాదు, ఎండిందని మాత్రమే. ఎండుచేప నెలల తరబడి అటకమీద ఉంటుంది, నీళ్లలో వేసి వదిలేస్తే మర్నాటికి కంపు కొడుతుంది. ఇదీ అంతే. నీళ్లు తగలగానే కుళ్లడం మొదలై అమోనియా పుడుతుంది.

మంచినీటి తొట్టి పెంచిన అనుభవంతో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియం అయాన్ వల్ల పెద్దగా హాని లేదు. అయాన్ కాని అమోనియానే చేపను చంపుతుంది. నీటి పీహెచ్ పెరిగేకొద్దీ రెండో రూపం పాలు పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.2. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే, మొత్తం అమోనియా అంతే ఉన్నా, విషపు రూపం దాదాపు పది రెట్లు ఉంటుంది. మంచినీటి తొట్టిలో బతికి బయటపడే పొరపాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ముందుగా సంచిలో ఉన్నది ఏ ఇసుకో చూసుకోవాలి. చిటికెడు ఇసుక మీద నిమ్మరసం పిండండి. బుస్సున పొంగితే అది కాల్షియం కార్బొనేట్, అంటే పగడం, గవ్వల పొడి. నీరు ఆమ్లంగా మారుతుంటే ఇది కొద్దికొద్దిగా కరిగి దాన్ని విరిచేస్తుంది. ఇంద్రావతి ఇసుక పొంగదు, ఎందుకంటే అది ఎక్కువగా క్వార్ట్జ్. దానివల్ల చేపకు నష్టం లేదు కానీ ఆమ్లాన్ని విరిచే గుణం ఉండదు. బంధువులు విశాఖ తీరం నుంచి సరదాగా తెచ్చిన ఇసుకైతే అయస్కాంతం తిప్పి చూడండి. అక్కడి ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి, నల్లటి రేణువులు కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. అది తొట్టికి వద్దు.

ఇసుక మంచిదే అయితే ఒకేసారి అంతా కాకుండా బకెట్‌కు పావువంతు చొప్పున తీసుకుని, చేత్తో కలియబెడుతూ, మురికి నీరు వంపేస్తూ కడగాలి. నీళ్లు తేటపడేవరకు పది పన్నెండు సార్లయినా పట్టవచ్చు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టిలో రెండున్నర సెంటీమీటర్ల మందం పరవడానికి నాలుగున్నర లీటర్ల ఇసుక కావాలి, అంటే ఒక పూట పని.

చాలామంది వదిలేసే మెట్టు దీని తర్వాతిది. కడిగిన ఇసుకను నేరుగా తొట్టిలో పోయకుండా బకెట్‌లో వేసి, లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలిపిన నీళ్లు పోసి, గాలి పంపు పెట్టి వారం రోజులు ఉంచాలి. రెండు రోజులకోసారి అమోనియా చూడాలి. ఉప్పునీటికి పనికొచ్చే పరీక్ష కిట్టే వాడాలి. అమోనియా పెరుగుతుంటే ఇసుకలో ఇంకా కుళ్లేది ఉందన్నమాట, మళ్లీ కడగాలి. తొట్టిలో తేలే ఆ నిజం బకెట్‌లోనే తేలితే ఏ చేపా చావదు.

కడిగినా పోనివి రెండున్నాయి. పాత మేతలోని ఫాస్ఫేట్ కార్బొనేట్ రేణువులకు పట్టుకుని, తర్వాత మెల్లగా నీటిలోకి వస్తుంది. గాజుకు పాచి పడుతుంది కానీ చేపలకు ప్రాణాపాయం లేదు. రెండోది రాగి. పాత తొట్టిలో చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే ఈ ఇసుక దాన్నీ పట్టుకుని ఉంటుంది. రొయ్యలకు, నత్తలకు కొద్దిపాటి రాగి కూడా విషమే. వాటిని పెంచాలనుకుంటే ఆ ఇసుక ముట్టుకోవద్దు.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనవచ్చుగా అని అడగవచ్చు. కొనవచ్చు. కానీ పగడపు ఇసుక ఊరికే రాదు, ఎక్కడో ఒక సముద్రపు అడుగు నుంచే వస్తుంది. మన దేశంలో పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. చేతిలో ఉన్న ఐదారు కిలోలు పనికొస్తే అంతమేరకు కొత్తది తవ్వనక్కర్లేదు.

ఇసుక తొట్టిలో పరిచాక కూడా చేపలు వెంటనే వద్దు. విజ్ఞాన ప్రదర్శన వచ్చే సోమవారమే అయినా సరే. బాక్టీరియా మళ్లీ మొదటి నుంచి పెరగాలి, దానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న ఆరోగ్యకరమైన తొట్టి నుంచి గుప్పెడు తడి ఇసుక దొరికితే త్వరపడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించాక ఒకటో రెండో చేపలు వదలాలి. ప్రదర్శనకు చేపల్లేని తొట్టి పెట్టి, పక్కన రోజువారీ అమోనియా గ్రాఫు అతికిస్తే చూసేవాళ్లకు అదే ఎక్కువ పాఠం.

ఎప్పుడైనా ఈ తొట్టినీ ఎత్తేయాల్సి వస్తే ఇసుకను అదే రోజు మంచినీళ్లతో కడిగి, ఎండలో పలచగా పరిచి పూర్తిగా ఆరబెట్టి, గాలి ఆడే సంచిలో పోయండి. సంచి మీద తేదీ, ఇసుక రకం, వాడిన మందుల పేర్లు రాసి పెట్టండి. రెండేళ్ల తర్వాత ఆ సంచి విప్పేది మీరు కాకపోవచ్చు.