కలవరపెట్టు వార్త విన్నప్పుడు

పఠన భాగము: నెహెమ్యా 1, 2, 4 అధ్యాయములు



2025వ సంవత్సరపు వేట నిషేధకాలములో మేము విశాఖపట్నము ఫిషింగ్ హార్బరుకు వెళ్లితిమి. ఏప్రిల్ 15 మొదలుకొని జూన్ 14 వరకు 61 దినములు మరపడవలు వేటకు పోవు. పడవలన్నియు జెట్టీ పొడవున వరుసగా కట్టబడియుండెను. ఒకచోట అన్నదమ్ములిద్దరు ఒకే వలకు ఆ కొన ఒకరు, ఈ కొన ఒకరు కూర్చుండి బాగుచేయుచుండిరి. ఇద్దరికిని ఒకే పడవలో వాటా. ఇద్దరును ఒకే సంఘమువారు. అయినను 2024 మే 13న ఓటు వేసిన దినము మొదలు వారికి మాటలు లేవు. ఒకరిది ఒక పార్టీ, మరియొకరిది వేరొక పార్టీ. నిషేధకాలపు భృతి 2019లో 4,000 నుండి 10,000 రూపాయలాయెను. 2025లో 20,000 ఆయెను. డబ్బు రెండిండ్లకును వచ్చెను. అది ఎవరి పుణ్యమను వాదములో మాత్రము ఉన్న కొద్దిపాటి పలకరింపును పోయెను.

"అయ్యగారూ, మా తమ్ముడు రాత్రుళ్లు ఫోను చూసుకుంటూ పడుకోడు. పొద్దున్నే ఎవరి మీదో కోపం నా మీద తీస్తాడు" అని అన్న మెల్లగా చెప్పెను. తమ్ముడు వినెను గాని తల యెత్తలేదు.

ఆ ప్రక్కనే ఒక కుర్రవాడు ఫోనులో ఒక సంభాషణ పెట్టుకొని వినుచుండెను. మనస్తత్వ శాస్త్రము చదివినవారిద్దరు రాజకీయములవలన కలుగు మనోవేదనను గూర్చి మాట్లాడుచుండిరి. ఇది మనకేల అని మొదట అనుకొంటిమి. వినగా వినగా అది మన యిండ్ల సంగతియే అని తోచెను. ఇంటికి వచ్చి ఆ విషయమును మరికొంత చదివితిమి.

1. ఈ వేదన నిజమైనది

అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కెవిన్ స్మిత్, ఆయన తోటివారు 2017లో జనులను ప్రశ్నించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. సుమారు 40 శాతము మంది రాజకీయములు తమకు ఒత్తిడి కలిగించుచున్నవనిరి. ఐదుగురిలో ఒకరు నిద్ర పోగొట్టుకొంటిమనిరి. స్నేహము చెడినదని చెప్పినవారును దాదాపు అంతమందియే. అది దూరదేశపు లెక్క. మన దగ్గర లెక్క తీయనక్కరలేదు. ఆ వల రెండు కొనలు చూచిన చాలును.

విశాఖవాసులకు ఇది క్రొత్త కాదు. 2021 జనవరి 27న ఉక్కు కర్మాగారములోని ప్రభుత్వ వాటానంతటిని అమ్మివేయుటకు కేంద్ర మంత్రివర్గ సంఘము సమ్మతించినది మొదలు ఎన్ని యిండ్లలో నిద్ర కరవాయెను! 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరులోనే అగ్ని లేచి దాదాపు 40 పడవలు కాలిపోయినప్పుడు, విచారణ ముగియకమునుపే ఎవరు చేసిరో, ఎవరు చేయించిరో అను మాటలు ఊరంతయు ప్రాకెను. జీవనాధారము కదిలినప్పుడు మనసు కదలుట అవిశ్వాసము కాదు. యెరూషలేము గుమ్మములు అగ్నిచేత కాల్చబడెనని విన్న నెహెమ్యా కూర్చుండి యేడ్చెను.

2. ఊరకుండుట పూర్తి మందు కాదు

అట్లయిన చెవులు మూసికొందమా? ఇక్కడ శాస్త్రజ్ఞులు ఒక చిక్కును చూపిరి. టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రెట్ ఫోర్డ్, మాథ్యూ ఫైన్‌బర్గ్ మున్నగువారు 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, దినదినము రాజకీయములు చూచి కలతపడినవారు మనసును వేరొకవైపు త్రిప్పుకొనినప్పుడు నెమ్మది పొందిరి. గాని మేలు కొరకు పూనుకొను ఆసక్తి కూడ తగ్గిపోయెను. నొప్పి తగ్గించు మందే చేతిని మొద్దుబారజేయుచున్నది.

1966లో మన పెద్దలు నెమ్మదిగా నిద్రపోయియుండిన యెడల, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను కేక పుట్టెడిది కాదు. 1971లో శంకుస్థాపన జరిగెడిదో లేదో. 2021 తరువాత కార్మికులు వీధికి రాకుండిన యెడల, 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయలు ప్రకటించెడిదో లేదో. కనుక నెమ్మది మంచిదే గాని, పొరుగువాని కష్టమును మరపించు నెమ్మది మనకు వద్దు.

3. నెహెమ్యా నడచిన త్రోవ

నెహెమ్యా దుఃఖమును దాచలేదు, దానిలో మునిగిపోనులేదు. కొన్ని దినములు ఉపవాసముండి ప్రార్థించెను. ఆ ప్రార్థనలో పరుల తప్పులు ఏకరువు పెట్టలేదు. నేనును నా తండ్రి యింటివారును పాపము చేసితిమని ఒప్పుకొనెను. కిస్లేవు నెలలో వార్త వినినవాడు నీసాను నెల వరకు కనిపెట్టెను. రాజు అడిగినప్పుడు తిట్టలేదు, పొగడలేదు. ఇన్ని దినముల సెలవు, ఇన్ని తాకీదులు, ఇంత మ్రాను కావలెనని అడిగెను. శత్రువులు హేళన చేసినప్పుడు ప్రార్థనయు చేసెను, కావలియు పెట్టెను. ఏడ్పు ప్రార్థనగాను, ప్రార్థన పనిగాను మారెను. మనలో అనేకులకు ఏడ్పు తిట్టుగా మారి అచ్చటనే ఆగిపోవుచున్నది. ఈ మాట వ్రాయుచున్న మాకును అది తగులుచున్నది.

4. మనము చేయదగినవి

వార్తలకు ఒక వేళ పెట్టుకొందము. ప్రొద్దున అరగంట, సాయంత్రము అరగంట చాలును. పండుకొనునప్పుడు ఫోను దూరముగా నుంచవలెను.

వినిన మాటను విచారింపక ఇతరులకు పంపకుందము. కోపము పుట్టించు వార్త త్వరగా ప్రాకును. అదే మొదట అనుమానింపదగినది.

కలత కలిగినప్పుడు, దీనిలో మన చేతనున్నదేమి అని అడిగికొందము. గ్రామసభలో మాటలాడుట, అర్జీ వ్రాయుట, కాలిన పడవవానికి సాయపడుట, ఓటు వేయుట మన చేతనున్నవి. గాలిని సరంగు ఆపలేడు. చుక్కాని మాత్రము విడువడు.

ఎదుటి పార్టీవానిని ఓడించుటకు గాక, వాని భయమేమో తెలిసికొనుటకు ఒక ప్రశ్న అడుగుదము. మనుష్యుడు ముందు మనసులో తీర్పు తీర్చి తరువాత కారణములు వెదకునని జొనాథన్ హైట్ అను శాస్త్రజ్ఞుడు 2012లో వ్రాసెను. అది మన విషయమును నిజమే.

రెండు వారములు నిద్రపట్టక, పని మీద మనసు లేక, బ్రదుకు వద్దనిపించిన యెడల, ప్రార్థించుచునే వైద్యుని చూడవలెను. 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఏలీయా చావు కోరుకొనినప్పుడు దేవుడు మొదట గద్దింపక నిద్రయు ఆహారమును ఇచ్చెను (1 రాజులు 19).

మేము లేచి వచ్చునప్పుడు ఆ అన్నదమ్ములింకను మాటలాడుకొనలేదు. అయితే తమ్ముని దారము అయిపోగా, అన్న తన కండెను అతనివైపు దొర్లించెను. తమ్ముడు దానిని తీసికొనెను. జూన్ 15న వారిద్దరు ఒకే పడవ నెక్కవలెను. వారికొరకు ప్రార్థించుడి.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు

రాజకీయములవలన మనము పలకరింపు మానినవారెవరు?

ఈ వారము వారివైపు మనము దొర్లింపగల కండె ఏది?