గ్రంథాలయ నవీకరణము – గ్రంథపాలకుని శిక్షణము



గ్రంథాలయమనగా నేమి యని యడిగినచో మీలో పెక్కురు "పుస్తకములుండు గది" యని బదులు చెప్పుదురు. ఆ జవాబు సగమే సరియైనది. పుస్తకములుండు గది అంగడి కావచ్చును, గిడ్డంగియు కావచ్చును. చదువగోరువానికి వలసిన పుస్తకమును వలసినవేళ చేతికందించు ఏర్పాటు కలదేని దానిని గ్రంథాలయమందుము. ఆ ఏర్పాటు చేయువాడే గ్రంథపాలకుడు. ఈ కాలమున గ్రంథాలయములను నవీకరింపవలెనని ఎల్లరును కోరుచున్నారు. కొత్త భవనము, కంప్యూటరు, అంతర్జాలము, ఇవి యన్నియు వలసినవే. అయినను వీనికంటె ముందు గ్రంథపాలకునికి శిక్షణము వలయునని మా యభిప్రాయము. మన దేశపు గ్రంథాలయ చరిత్రయే ఇందులకు సాక్ష్యమిచ్చుచున్నది. దానిని క్రమముగా పరిశీలింతము.

1. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము

1886వ సంవత్సరమున విశాఖపట్టణమునందు మంత్రిప్రగడ సాంబశివరావుగారు ఒక ప్రజా గ్రంథాలయమును నెలకొల్పిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. ఇవి సర్కారు ధనముతో లేచినవి కావు. ఊరివారు చందాలు వేసికొని, ఇంటింట పుస్తకములు సేకరించి స్థాపించుకొన్నవి.

1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. అయ్యంకి వెంకట రమణయ్యగారు ఆ సభకు ప్రాణము వంటివారు. ఆనాడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. సంఘమువారు "గ్రంథాలయ సర్వస్వము" అను పత్రికను నడిపిరి. గ్రంథాలయ యాత్రలను పేర పల్లెపల్లెకు పోయి ప్రచారము చేసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ పడవపై గ్రంథాలయమును నడిపించిరి. కాలువగట్టు పల్లెలకు పుస్తకములు నీటిదారిని వచ్చుచుండెను.

ఈ మహనీయులకు పుస్తకములపై ప్రేమ కొఱతపడలేదు. అయినను ప్రేమ యొక్కటియే చాలదని వారు త్వరలోనే గ్రహించిరి. సేకరించిన పుస్తకములను ఎట్లు అమర్చవలెను? ఎవరు తీసికొనిపోయినదియు ఎట్లు గుర్తుంచుకొనవలెను? చదువనేర్చినవారు తక్కువగానున్న పల్లెలో గ్రంథాలయము ఎవరికొఱకు? ఇట్టి ప్రశ్నలకు జవాబు నేర్పుటకై 1920లోనే సంఘమువారు బెజవాడయందు గ్రంథాలయ శిక్షణ తరగతిని నడిపిరి. మన దేశమున ఇట్టి తరగతులలో ఇది మొదటివానిలో నొకటి. దీనికి పూర్వము 1911లో బరోడా సంస్థానమున మహారాజు సయాజీరావు గాయక్వాడుగారు బోర్డెన్ అను అమెరికా దేశీయుని రప్పించి తరగతి పెట్టించిరి. 1915లో లాహోరునందు మరియొకటి జరిగెను. ఆ రెండింటి వెనుక ఒక రాజును ఒక విశ్వవిద్యాలయమును ఉండగా, బెజవాడ తరగతి వెనుక నున్నది చందాలపై బ్రదుకు సంఘమని గమనింపుడు. అంత బీదరికములోను వారు శిక్షణమును వాయిదా వేయలేదు.

2. ఒక గణితోపాధ్యాయుని కథ

శిక్షణము మనుష్యుని ఎంత మార్చగలదో తెలిసికొనుటకు శీయాళి రామామృత రంగనాథన్‌గారి జీవితము చక్కని నిదర్శనము. వీరు 1892లో జన్మించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివి, సైదాపేట ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణము పొంది, ప్రభుత్వ కళాశాలలయందు గణితము బోధించిరి. 1924లో మదరాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకులైరి. కాని తరగతి గదికి అలవాటుపడిన ఆయనకు ఆ నిర్మానుష్యమైన పుస్తకశాలలో ప్రొద్దుపోక, మరల బోధనకే పోవుదునని అధికారులను వేడుకొనిరి. వారు ముందుగా లండను పోయి రమ్మనిరి.

లండనులో యూనివర్సిటీ కళాశాలయందు సేయర్స్ అను గురువు వద్ద ఆయన గ్రంథాలయ విద్య నభ్యసించిరి. ఇంగ్లండులోని పెక్కు గ్రంథాలయములను కన్నులార చూచిరి. సామాన్య జనులు వచ్చి అడుగుట, పనివారు ఆదరముతో వెదకి యిచ్చుట చూచి ఆయన మనస్సు మారెను. 1925లో తిరిగివచ్చిన పిమ్మట బోధనకు పోవుదునన్న మాట మరల ఎత్తలేదు. పాఠకులు తామే అరల వద్దకు పోయి పుస్తకములు చూచుకొను ఏర్పాటు చేసిరి. 1928లో మదరాసు గ్రంథాలయ సంఘమును స్థాపించుటకు తోడ్పడి, 1929లో శిక్షణ తరగతి నారంభించిరి. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను, 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిరి. లండను అంగడిలో ఇనుప ముక్కలను మరలతో బిగించి నానావిధములైన ఆటబొమ్మలు చేయుట చూచినప్పుడు ఈ వర్గీకరణపు ఊహ కలిగెనని చెప్పుదురు. కొద్ది ముక్కలతో పెక్కు బొమ్మలైనట్లే, కొద్ది విషయాంశములను కూర్చి ఏ పుస్తకమునకైనను స్థానము నిర్ణయింపవచ్చునని ఆయన భావించిరి.

1924లో విసుగుతో కూర్చున్నవాడును, 1925లో ఉత్సాహముతో లేచినవాడును ఒక్కడే. గ్రంథాలయమును మారలేదు. నడుమ కలిగినది శిక్షణమే.

3. శిక్షణములో నేర్చునదేమి?

మొదటిది గ్రంథముల ఎన్నిక. మన గంగవరము, పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతములు తమిళ, కన్నడ దేశముల సరిహద్దులకు చేరువనున్నవి. ఇచ్చటి రైతులు టొమాటో పండింతురు, పట్టుపురుగులను పెంచుదురు, పాడి పశువులను మేపుదురు. ఇచ్చటి గ్రంథాలయమునకు కోస్తా జిల్లాల జాబితానే తెచ్చిపెట్టిన ప్రయోజనము తక్కువ. మల్బరీ తోటను గూర్చిన పుస్తకము, ఉద్యోగపరీక్షల పుస్తకము, బాలల కథలు, కొన్ని తమిళ కన్నడ పుస్తకములు ఇచ్చట వలయును. ఊరిని ఎఱిగినవాడే ఈ యెన్నిక చేయగలడు.

రెండవది వర్గీకరణము. శిక్షణము లేనివాడు పుస్తకములను ఎత్తును బట్టియో, అట్ట రంగును బట్టియో పేర్చును. చూచుటకు ఇంపుగానుండును, వెదకుటకు పనికిరాదు. 1876లో అమెరికాయందు డ్యూయీ ప్రకటించిన దశాంశ పద్ధతిలో ప్రతి విషయమునకును ఒక సంఖ్య కలదు. కూరగాయల సాగు 635, పశువులు 636, పాడి 637, పట్టుపురుగులు 638.2, తెలుగు సాహిత్యము 894.827. ఈ సంఖ్యలు పుస్తకముల వెన్నుపై నున్నచో రైతునకు వలసినవన్నియు ఒక్క అరలో ప్రక్కప్రక్కన కనబడును. టొమాటో పుస్తకమునకై వచ్చినవాడు పాడి పుస్తకమును గూడ చూచి తీసికొనిపోవును.

మూడవది సూచిక, అనగా క్యాటలాగు. ఇది చిన్నపనియని తలపకుడు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. అయ్యంకి, పాతూరి, చిలకమర్తి ఇంటిపేర్లు. వానిని ఉన్నవి ఉన్నట్లే వ్రాయవచ్చును. శీయాళి రామామృత రంగనాథన్ అను పేరులో మొదటిది ఊరు, రెండవది తండ్రి పేరు, మూడవది మాత్రమే ఆయన పేరు. దానిని "ర" అక్షరము క్రింద చేర్పవలెను. ఈ భేదమెఱుగనివాడు ఒకే గ్రంథకర్తను రెండుచోట్ల వ్రాయును. పాఠకుడు ఒకచోటనే చూచి, పుస్తకము లేదని వెడలిపోవును. మూడు భాషలవారు కలిసియున్న మన సీమలో ఈ చిక్కు నిత్యమును ఎదురగును.

నాలుగవది పాఠకసేవ. సంకోచముతో గుమ్మమువద్ద నిలుచు బాలికను లోనికి పిలిచి, ఏమి కావలెనో ఆమె సరిగా చెప్పలేకపోయినను ఊహించి అందించుట. ఇది పుస్తకమున చదివినంత మాత్రాన రాదు. నేర్పరి యొద్ద పనిచేసి అలవరచుకొనవలసినది.

4. తాళము వేసిన బీరువా

పలుచోట్ల పుస్తకములుండియు బీరువాలు తాళము వేసియుండుట చూచుచున్నాము. ఇందులకు బద్ధకమొక్కటియే కారణము కాదు. పుస్తకము పోయినచో దాని వెల తన జీతమునుండి కోతపడునని కాపలాదారుడు భయపడును. భయమున్నచోట తాళముండును. చదివించినందుకు మెప్పులేక, పోయినందుకు శిక్షయున్నచో ఎవడైనను తాళమునే నమ్ముకొనును. చేతులు మారు పుస్తకము కొంత నలుగుననియు, ఏటేట కొద్ది పుస్తకములు నష్టమగుట సహజమనియు శిక్షితుడైన గ్రంథపాలకుడు ఎఱుగును. అట్టి నష్టమును లెక్కవ్రాసి తీసివేయు పద్ధతియు అతనికి తెలియును. కాని అధికారులు ఆ లెక్కను అంగీకరింపనిదే అతని శిక్షణము నిష్ఫలము. కనుక శిక్షణము గ్రంథపాలకునికి ఎంత యవసరమో, తనిఖీకి వచ్చువారికిని అంత యవసరము.

5. ధనము ఎచ్చటినుండి వచ్చును?

1948లో మదరాసు ప్రజా గ్రంథాలయముల చట్టము అంగీకరింపబడెను. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టము ఇదియే మొదటిది. దీని వెనుక రంగనాథన్‌గారి కృషి కలదు. నాడు చిత్తూరు జిల్లా మదరాసు రాష్ట్రమున నుండుటచే మన ప్రాంతమునకును అది వర్తించెను. ఆస్తిపన్ను రూపాయికి 6 పైలు, అనగా అర అణా, గ్రంథాలయ పన్నుగా నిర్ణయించిరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1960లో వేరుగా చట్టము వచ్చెను. దాని ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరుచున్నది. మీ యింటి పన్ను 500 రూపాయలైనచో అందుపై గ్రంథాలయమునకు 40 రూపాయలు ఇచ్చుచున్నారన్నమాట. ఈ ధనమును పంచాయతీలును పురపాలక సంఘములును వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. చెల్లింపు ఆలస్యమైనచో పుస్తకముల కొనుగోలు నిలుచును, ఖాళీపడిన ఉద్యోగము నిండదు, ఒక్క గ్రంథపాలకుడు రెండూళ్ల శాఖలను చూడవలసివచ్చును. గ్రంథాలయము ఎవరో పెట్టు దానము కాదు. మన తల్లిదండ్రులు వెల చెల్లించి పొందవలసిన సేవ. దానిని అడుగుట మన హక్కు.

6. కంప్యూటరు వచ్చినచో?

న్యూజిలాండు దేశమున హోరోవెనువా అను చిన్న ప్రాంతపు గ్రంథాలయమువారు 1999లో తమ కొఱకు ఒక కంప్యూటరు పద్ధతిని చేయించుకొని, దానిని ఎల్లరకును ఉచితముగా ఇచ్చివేసిరి. దాని పేరు "కోహా". మావోరీ భాషలో ఆ మాటకు కానుకయని యర్థము. నేడు దానిని మన దేశమునందును పెక్కు గ్రంథాలయములు వాడుచున్నవి. బీద గ్రంథాలయమునకు ఇది గొప్ప మేలు.

అయినను యంత్రము తనకు వ్రాసియిచ్చినదానినే తిరిగి చెప్పును. ఒకడు "గ్రంథము" అనియు, మరియొకడు "గ్రంధము" అనియు ఎక్కించినచో, వెదకువానికి సగము పుస్తకములు కనబడవు. రంగనాథన్, రంగనాధన్ అను రెండు వ్రాతలు ఇద్దరు మనుష్యులగుదురు. కార్డులపై చేసిన తప్పు ఒక పెట్టెలోనే యుండును. యంత్రములోని తప్పు ఊరూరికి ప్రాకును. కనుక కంప్యూటరు రాకచే గ్రంథపాలకుని శిక్షణము మఱింత ముఖ్యమగుచున్నది.

7. మీరు చేయదగినవి

పడవ గ్రంథాలయమునకు కృష్ణా కాలువ యుండెను. తంజావూరు జిల్లా మన్నార్గుడిలో కనకసభై పిళ్లెగారు 1931లో ఎడ్లబండిపై పుస్తకములను పల్లెలకు పంపిరి. మనకు కాలువ లేదు, బండ్లును తగ్గినవి. కాని ప్రతి ఉదయమును పాల క్యాన్ల బండి పోవని పల్లె ఇచ్చట అరుదు. ఆ దారినే వారమున కొకమారు ఇరువది పుస్తకముల పెట్టె పోరాదా? పెద్దలు ఆలోచింపవలెనని కోరుచున్నాము.

మీరు మాత్రము ఎవరికొఱకును వేచియుండ నక్కఱలేదు. పాఠశాల గ్రంథాలయములో పై తరగతివారు నలుగురు చేరి, ముందుగా ఏబది పుస్తకములకు వరుస సంఖ్య, పేరు, కర్త, వెల ఒక రిజిస్టరులో వ్రాయుడు. పైన చెప్పిన సంఖ్యలలో తగినది ఎన్నుకొని వెన్నుపై అంటింపుడు. కర్త పేరున ఒకటి, గ్రంథము పేరున ఒకటి, రెండేసి కార్డులు వ్రాసి అక్షరక్రమమున నుంచుడు. పిమ్మట ఆ పుస్తకములను తాళము లేని అరలో పెట్టి, మూడు నెలలలో ఎన్నిమార్లు ఏది పోయివచ్చినదో లెక్క చూడుడు.

ఈ పనియందు రుచి కలిగినవారు దానిని వృత్తిగా కూడ స్వీకరింపవచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లోనే గ్రంథాలయ శాస్త్రమున డిప్లొమా తరగతి నారంభించెను. నేడు పట్టభద్రులైనవారికి ఒక సంవత్సరపు గ్రంథాలయ శాస్త్ర పట్టము కలదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ కలదు. మన సీమ బాలబాలికలకు అది దూరదేశము కాదు. మన పల్లెలలోని తాళపు బీరువాలు శిక్షణము పొందిన చేతులకొఱకు ఎదురుచూచుచున్నవి. ఆ చేతులు మీవి కాగలవని మా నమ్మకము.