ఒక్క పురుగు గురించి పది పేజీలు

2021 చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల మీద నల్లతామర పురుగు విరుచుకుపడింది. పూతలో దూరి రసం పీల్చేసింది. పూత రాలిపోయి కాయ నిలవలేదు. ఆ రోజుల్లో ఫోన్లలో ఎక్కువగా తిరిగినవి మందుల పేర్లే: ఫలానాది కొట్టండి, దాంట్లో ఇది కలపండి. ఒకటి పనిచెయ్యకపోతే ఇంకొకటి. రెండు ముక్కల కబురులో అంతకు మించి పట్టదు.

అదే పురుగు మీద శాస్త్రవేత్తలు ఓపిగ్గా రాసిన వ్యాసాలూ ఉన్నాయి. 2015లో మన దేశంలో దాన్ని మొదట బొప్పాయి మీద గుర్తించారని అవి చెబుతాయి. గుడ్లు మొక్క కణజాలం లోపల పెడుతుంది. పెద్ద పురుగులు పువ్వుల్లో దాక్కుంటాయి. మధ్యలో ఒక దశ నేలలో గడుస్తుంది. ఈ మూడూ చదివిన రైతుకు, ఆకుల మీద కొట్టిన మందు ఎక్కడెక్కడికి చేరదో అర్థమవుతుంది. నీలిరంగు జిగురు అట్టలు ఎందుకు కట్టమంటున్నారో, ఒకే మందు మళ్లీమళ్లీ ఎందుకు కొట్టొద్దంటున్నారో తెలుస్తుంది. మందుల కొట్లో నిలబడి, “ఇది పురుగు ఏ దశ మీద పనిచేస్తుందండీ?” అని అడగగలుగుతాడు. వ్యక్తిత్వ వికాసం అంటే నాకు ఆ ప్రశ్నే గుర్తుకొస్తుంది. వేదికెక్కి ధాటిగా మాట్లాడటం దాని తరవాతి సంగతి.

ఒక విషయాన్ని ఏళ్ల తరబడి ప్రేమించినవాళ్ల రాతలో సమాధానంతో పాటు సమాధానం దాకా నడిచిన దారి కూడా కనబడుతుంది. ఎక్కడ తడబడ్డారో, ఏ ఆధారంతో అభిప్రాయం మార్చుకున్నారో రాస్తారు. అది చదువుతుంటే ఆలోచించే పద్ధతి మనకూ అలవడుతుంది. 1998 నుంచి వస్తున్న అంతర్జాల పత్రిక ‘ఈమాట’లో ఛందస్సు మీద, పాత గ్రామఫోను రికార్డుల మీద అలాంటి వ్యాసాలున్నాయి. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి అంతర్జాలంలో పెట్టింది. వీటికి పైసా కట్టక్కర్లేదు.

మన ప్రాంతానికి ఈ చదువు ఆకలి కొత్తది కాదు. నేతపనివారి ఊరు వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాతూరి నాగభూషణం గారు 1935లో ఏకంగా పడవలో గ్రంథాలయం పెట్టి, కాలువ వెంట పల్లెలకు పుస్తకాలు చేర్చారు. పల్లెటూరివాళ్లకు పుస్తకమెందుకు, కరపత్రం చాలదా అని ఆయన అనుకోలేదు. ఆ గౌరవం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఇప్పుడు పడవ కోసం ఎదురుచూడక్కర్లేదు, కానీ వెతుక్కోవాలి. ఫోను తనంతట తాను ముందుకు తోసేదాంట్లో తాలు ఎక్కువ. కల్లంలో ఏరినట్టే ఏరుకోవాలి. మీ బతుకుకు దగ్గరి విషయంతోనే మొదలుపెట్టండి: పత్తిలో గులాబీ రంగు పురుగు, బోరు నీళ్లలో ఉప్పు, అమ్మమ్మ పాడే పాట, ఏదైనా సరే. దాని మీద బాగా రాసే ఒక్క మనిషిని పట్టుకుని, ఆ మనిషి రాసినవన్నీ చదవండి. అందులో ప్రస్తావించిన పేర్లు నోటుబుక్కులో రాసుకుని, తరవాత వాళ్ల దగ్గరికి వెళ్లండి. నాకు తెలిసినంతలో వెతుకులాటకు ఇంతకన్నా మంచి దారి లేదు. అర్థం కాని వ్యాసాన్ని వదిలెయ్యకండి, వారం తరవాత మళ్లీ తెరవండి. చదివింది ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. ఎక్కడ మాట ఆగిపోతే అక్కడ మళ్లీ చదవాలి.

కొన్నాళ్లకు మీకే రాయాలనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) విప్పి, కాయ విరిచి, రంగూ తేమా చూసి ధర చెప్పేవాళ్లున్నారు. ఆ విద్య ఎలా అబ్బుతుందో ఓపిగ్గా రాసిన పది పేజీలు తెలుగులో రావాలి. వాళ్ల పక్కన నాలుగు సీజన్లు కూర్చోగలిగిన కొడుకో కూతురో అది రాయొచ్చు.