అమ్మ సంతకం ఒక్కటే చాలదు: టీనేజీ పిల్లలు, ఏళ్లతరబడి సాగే ఆరోగ్య పరిశోధనలు

ఒకే పిల్లల వెంట అన్నేళ్లు పడటం దేనికి?

కొన్ని సంగతులు ఏడాదిలో తేలవు. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఓ పోషకాహార అధ్యయనం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ ఉప్మా అందింది; మిగతా ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003–05లో వెతికి పట్టుకునేసరికి ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లు. 1,165 మందిని పరీక్షిస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు.

మేం ఒప్పుకున్నాం. పిల్ల వద్దంటోంది, ఎలా?

వద్దంటే వద్దే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారమూ కావాలి. 7–12 ఏళ్లవారు నోటితో చెబితే చాలు, 13 వచ్చాక రాతలో ఉండాలి. కొలతలు, రక్తపరీక్షలే తప్ప వైద్యమేమీ లేనిచోట “అమ్మ ఒప్పుకుందిగా, చెయ్యి చాపు” అనే హక్కు ఎవరికీ లేదు.

హాస్టల్లో ఉంటోంది. వార్డెన్ సంతకం పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. దీనికి మన దగ్గరే చేదు ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. 2010లో కేంద్రం ఆపించింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వార్డెన్లే సంతకం చేసినవని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టింది. మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేయడం తప్పేం కాదు, కానీ చదవలేనివారికి ఫారం వివరించేటప్పుడు పరిశోధకులతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. హెడ్‌మాస్టరైనా వార్డెనైనా పరిశోధకులను లోపలికి రానివ్వగలరు, అంతవరకే.

డబ్బులిస్తారా?

దారిఖర్చులు, పోయిన కూలి ఇవ్వొచ్చు. ఎంతన్నది, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ముందే చూస్తుంది. ఆశపెట్టి రప్పించేంత ఇవ్వకూడదు.

(పిల్లలు అడిగేది) నేను చెప్పినవి ఇంట్లో తెలుస్తాయా?

తెలియకూడదు. నీ పేరు బదులు ఓ నంబరు ఉంటుంది. సిగరెట్ గురించి రాసినా, నెలసరి గురించి రాసినా అమ్మానాన్నలకు చూపించరు. ముఖ్యమైన మినహాయింపు: 18 లోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. ఈ మాట ప్రశ్నలు మొదలుపెట్టకముందే చెప్పాలి. అంతా విన్నాక చెప్పడం మోసమనే నేనంటాను.

మధ్యలో మానేయొచ్చా?

ఎప్పుడైనా. కారణం చెప్పక్కర్లేదు. ఆసుపత్రిలో మీకు అందే వైద్యానికి అడ్డేమీ రాదు. దాచిన రక్తనమూనాను పారేయమనీ అడగొచ్చు. అది ఎవరిదో గుర్తుపట్టే వీల్లేకుండా వివరాలన్నీ చెరిపేసి ఉంటే మాత్రం వెనక్కి తీయలేరు.

(ఫీల్డ్ సిబ్బంది అడిగేది) రెండోసారి పిలిస్తే రావడం లేదేంటి?

మార్చిలో టెన్త్, ఇంటర్ పరీక్షలప్పుడు పిలిస్తే ఎవరొస్తారు? పరగడుపున రమ్మని, పదింటిదాకా కూర్చోబెట్టి, టిఫినైనా పెట్టకుండా పంపితే ఎందుకొస్తారు? అన్నిటికన్నా పెద్ద లోపం, పోయినసారి తీసిన రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పకపోవడం. ఆ కాగితం చేతికిచ్చి, తక్కువుంటే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో చెప్పిన చోటికి పిల్లలు మళ్లీ వస్తారు.

18 నిండాక పాత సంతకం చెల్లుతుందా?

చెల్లదు. ఇక సమ్మతి వాళ్లదే, కొత్తగా తీసుకోవాలి. చిక్కల్లా వాళ్లను పట్టుకోవడమే. ఫారంలో ఉన్నది నాన్న నంబరు. అబ్బాయి పనికోసం వేరే ఊళ్లో, అమ్మాయి అత్తారింట్లో. అందుకే ఇద్దరు బంధువుల నంబర్లు పిల్లల అనుమతితో ముందే రాసుకోవాలి. అత్తగారు ఫోనెత్తితే అమ్మాయితో మాట్లాడాలని మాత్రమే చెప్పాలి. ఏ పరిశోధన, ఏ పరీక్ష అన్నది ఆ అమ్మాయి లైన్లోకి వచ్చాకే.