పాత కంప్యూటరును పరుల కిచ్చుటకు ముందు

విండోస్ 10 అను నిర్వహణవ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థవారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ సహాయమును నిలిపివేసిరి. అందువలన పాత కంప్యూటరులను అమ్మవలెననియో, బంధువుల కియ్యవలెననియో, క్రొత్త వ్యవస్థతో మరల నడుపవలెననియో పలువురు తలిదండ్రులు తలంచుచున్నారు. అట్టివారికిని, వారి పిల్లలకును ఉపయోగపడునని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఫైలును డిలీట్ చేసినంతనే అది పోయినదని మనము తలంతుము. నిజమునకు పోవునది దాని పేరు మాత్రమే. గ్రంథాలయపు పట్టికలో ఒక పుస్తకము పేరు కొట్టివేసినను బీరువాలో పుస్తక మట్లే యుండును గదా! ఆ చోట మరియొకటి పెట్టువరకు వెదకువానికి అది దొరకును. సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు తాము కొనిన 158 పాత డిస్కులను పరీక్షించి 2003లో ఆ ఫలితములను ప్రకటించిరి. పనిచేయుచున్న 129 డిస్కులలో సరిగా తుడువబడినవి 12 మాత్రమే. తక్కినవానిలో ఉత్తరములు, వైద్యవిషయములు, క్రెడిట్ కార్డు సంఖ్యలు బయల్పడెను. మన ఇండ్ల కంప్యూటరులలోనైనచో ఆధార్ ప్రతులు, పహణీలు, పాసుపుస్తకములు ఉండును.

ఐనను చెరుపుటకు ముందొక పని కలదు. దీనిని చెప్పువా రరుదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును తెలుగు నాటకములు వ్రాసిన ఊరు మన బళ్ళారి. ఇచ్చటి తెలుగు కుటుంబముల కంప్యూటరులలో శుభలేఖలు, అవ్వలు పాడిన పాటలు, బడి నాటకముల ప్రతులు ఉండుట వింత కాదు. పాతవి పెక్కు అను స్క్రిప్టువంటి ఫాంటులతో కూర్చబడినవి. చిక్కంతయు నిచ్చటనే యున్నది. 1991 నాటి యూనికోడు ప్రమాణము ప్రతి తెలుగక్షరమునకును తనదైన సంఖ్య నిచ్చినది. పాత ఫాంటుల పద్ధతి వేరు: యంత్రమునకు తెలిసినది రోమను అక్షరమే, ఫాంటు దానికి తెలుగు రూపమును తొడుగును. డిస్కును తుడిచినప్పుడు ఫాంటు కూడ పోయినచో, వేరుగా దాచిన అవ్వ పాట సైతము అర్థములేని గుర్తుల వరుసగా కనబడును. కావున ఫైలులతోపాటు ఫాంటులను గూడ వేరొకచోట దాచవలెను, పి.డి.ఎఫ్. ప్రతులు తీయవలెను, వీలైనచో యూనికోడులోనికి మార్చుకొనవలెను. ఆ ప్రతులను మరియొక కంప్యూటరులో తెరచి చదివి చూచినగాని చెరుపుటకు పూనుకొనరాదు.

అయస్కాంతపు డిస్కునందు మొదటినుండి తుదివరకు సున్నలు వ్రాయవలెను. 1996లో పీటర్ గట్మన్ చెప్పిన 35 మారుల పద్ధతి ఆనాటి డిస్కులకు సంబంధించినది. నేటివానికి ఒక్కమారు చాలును. 500 గిగాబైట్ల డిస్కుపై సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున వ్రాసినచో 5000 సెకనులు, అనగా గంటన్నరకు కొంచెము తక్కువ, పట్టును. అట్టి డిస్కును ఐదు నిమిషములలో తుడిచితినను వాని మాట నమ్మరాదు! ఎస్.ఎస్.డి. సంగతి వేరు. ఒకే గది అరిగిపోకుండ దాని నియంత్రకము వ్రాతలను పలు గదులకు పంచుచుండును; మనము వ్రాసిన సున్నలు పాత వ్రాతపై పడకపోవచ్చును. దానికి తయారీదారు లిచ్చు ‘సెక్యూర్ ఎరేజ్’ ఆజ్ఞను వాడుట మేలు.

విండోస్ సెట్టింగులలో రికవరీయందు ‘రీసెట్ దిస్ పీసీ’, పిమ్మట ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎన్నుకొని, ‘క్లీన్ డేటా’ను గూడ కోరినచో, చెరుపుటయు విండోస్‌ను మరల నెలకొల్పుటయు ఒకేమారు జరుగును. ‘క్లీన్ డేటా’ను మరచినచో పట్టికలో పేరు కొట్టివేసినట్లే. లినక్సును వెల లేకుండ పెన్‌డ్రైవునుండి నెలకొల్పుకొనవచ్చును; హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో నడచు లినక్సు నొకదానిని రూపొందించిరి. క్రొత్త వ్యవస్థ తా నాక్రమించిన చోటునే కప్పును గాన, సున్నలు వ్రాయుట ముందే ముగియవలెను.

క్రొత్త వ్యవస్థలో తెలుగు లేకున్న, సెట్టింగులలోని భాషల పట్టికనుండి దానిని చేర్చుకొనవలెను. ఇన్‌స్క్రిప్టు అమరికలో కన్నడ కకారమును, తెలుగు కకారమును ఒకే మీటపై, ఇంగ్లీషు ‘కె’ మీటపై, ఉండును. తక్కిన అక్షరములును ప్రాయికముగ నట్లే. ఆ అమరికలో కన్నడము నేర్చిన విద్యార్థికి తెలుగు కొరకు క్రొత్తగా నేర్వవలసినది స్వల్పము. ‘నుడి’ అమరిక మాత్రము వేరు.