మోట నుండి మోటారు వరకు

ఉద్దేశం: వ్యవసాయ పద్ధతులు మారినపుడు పొలంలో శ్రమించే మనిషి జీవితం ఏ విధంగా మారుతుందో విద్యార్థులకు తెలియజేయడం.

కృష్ణానది ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అంచున ప్రవహిస్తుంది. అయినా నది పల్లంలో, చేలు మెట్టపైన ఉండడం వల్ల ఇక్కడి ఎర్ర చెల్క నేలలు తరతరాలుగా వానను, చెరువును, బావిని నమ్ముకున్నాయి. జొన్న, సజ్జ, కంది, ఆముదం నాటి ముఖ్యమైన పంటలు.

1950వ దశకంలో బాల్యంలోనే జీతానికి కుదిరిన వ్యవసాయ కూలీకి మోటబావియే పాఠశాల. ఎడ్లు వాలుబాటలో దిగుతుంటే అతడు మోకుపై కూర్చుండి తన బరువును కూడా వాటి బలానికి జోడించేవాడు. తోలుబొక్కెన పైకి వచ్చి, తొండం గుండా నీరు తొట్టిలోకి జారేది. దినమంతా తోలినా తడిసేది కొద్దిపాటి మడి మాత్రమే. మట్టిని పిడికిట పట్టి పదును గుర్తించడం, గొర్రుతో సాలు తప్పకుండా విత్తడం, జొన్నలో కందిని సాళ్ళుగా కలపడం అతనికి కరతలామలకాలు. మేలైన కంకులను ఏరి, బూడిద, వేపాకు కలిపి విత్తనాన్ని భద్రపరచడం స్త్రీల విద్య. ఇంతటి నేర్పుకు ప్రతిఫలం కళ్ళంలో కొలిచిన గింజలే. అప్పు తీరక తండ్రి జీతం కొడుకుకు సంక్రమించిన సందర్భాలూ ఉన్నాయి. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరిచేలతో నిండాయి. మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. ఎన్నో ఆనకట్టల నిర్మాణంలో చెమటోడ్చిన పాలమూరు కూలీలు తమ ఊళ్ళలో మాత్రం వానకోసమే ఎదురుచూచారు.

తరువాత ఆయిల్ ఇంజను, విద్యుత్ మోటారు, గొట్టపుబావి వచ్చాయి. మోట మూలబడింది. మనిషికి, పశువుకు గొప్ప ఊరట లభించింది. కాని బోర్లు లోతుకు పోయిన కొద్దీ పాత బావులు ఎండాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత అనేక ఆముదపు చేలు పత్తిచేలయ్యాయి. ఇంట దాచిన విత్తనానికి బదులు ఏటేటా కొనవలసిన సంకర విత్తనం వచ్చింది. ట్రాక్టరు నాగలిని, కోతయంత్రం కొడవలిని, గడ్డిమందు కలుపు తీసే స్త్రీల కూలిని తొలగించాయి. పత్తి ఏరడానికి మాత్రం ఆ చేతులే కావలసివచ్చాయి. 2006లో ఉపాధి హామీ పథకం తొలి విడతలోనే ఈ రెండు జిల్లాలకూ వచ్చి, కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పనికి హామీ ఇచ్చింది.

మోట తోలిన కాలం మళ్ళీ రావాలని ఏ కూలీ కోరడు. ఆ శ్రమ ఎంతటిదో అతని వెన్నుకు తెలుసు. అయితే శ్రమ తగ్గడం వేరు, పని పోవడం వేరు. కొత్త పద్ధతి వచ్చిన ప్రతిసారీ ఎవరి భారం తగ్గింది, ఎవరి కూలి తగ్గింది అని విడివిడిగా విచారించడం వివేకవంతుల లక్షణం.

అర్థాలు
మోకు = లావైన తాడు
చెల్క = తేలికపాటి ఎర్రనేల
పదును = విత్తడానికి తగిన తేమ
కరతలామలకం = అరచేతిలోని ఉసిరికాయ; బాగా తెలిసినది

ప్రశ్నలు
1. మోట తోలే విధానాన్ని వివరించండి.
2. 'శ్రమ తగ్గడం వేరు, పని పోవడం వేరు' – పాఠం ఆధారంగా చర్చించండి.